ఆరు గదులు, ఒకే గొట్టం: రివాల్వర్‌కు గురి కుదిరే తూటాను వెతకడం

రివాల్వర్‌కు సొంతంగా తూటాలు నింపుకోవడం మొదలుపెట్టినవారు తొలి నాళ్లలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: “.38 స్పెషల్‌లో బాగా గురి కుదిరే లోడ్ ఏది?” .38 స్పెషల్ ఒక తూటా రకం; లోడ్ అంటే ఏ బుల్లెట్ వెనక ఏ పౌడర్ ఎంత పోయాలన్న కూర్పు. జవాబుగా ఒక పౌడర్ పేరు, ఇన్ని గ్రెయిన్లన్న అంకె, ఫలానా బుల్లెట్ అన్న సలహా వస్తాయి. ఆ జవాబు చెప్పిన మనిషి అబద్ధమాడడు. అతని రివాల్వర్‌లో ఆ తూటా నిజంగానే చక్కగా పడి ఉంటుంది. అయినా అదే తూటాను ఇంకొకరు తమ రివాల్వర్‌లో కాల్చినప్పుడు రంధ్రాలు కాగితమంతా చెదిరిపోవడం తరచుగా జరుగుతుంది. రివాల్వర్‌లో గురి అన్నది ముందుగా ఉక్కులో ఉన్న కొలతల మీద, ఆ తర్వాత ఆ కొలతలకు నప్పే బుల్లెట్ మీద ఆధారపడుతుంది. పౌడర్ వంతు ఆ రెండూ తేలాక గాని రాదు. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి పౌడర్ దగ్గర మొదలుపెడతారు. డబ్బాలు ఖాళీ అవుతాయి గాని ప్రశ్న తేలదు.

మాటల విషయంలో ఒక స్పష్టత అవసరం. మనం తూటా అన్న ఒక్క మాటతో మొత్తం సరుకును, ఎగిరి వెళ్లే లోహపు ముక్కను కూడా పిలుస్తాం. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, మూతిలో బుల్లెట్ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికి పోయే ముక్క మాత్రమే. గ్రెయిన్ అనేది తూకం: ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు.

ఇక చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకం కోసం తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికి నింపితే కావాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అందుకే ఇక్కడ చర్చించేది ప్రధానంగా అమెరికాలోని పోటీ షూటింగ్ సంప్రదాయం. అక్కడ స్థిరపడి ఈ క్రీడలోకి అడుగుపెట్టిన తెలుగువారికి ఇది నేరుగా ఉపయోగపడుతుంది, మిగిలినవారికి యంత్రం తీరు అర్థం కావడానికి పనికొస్తుంది.

రైఫిల్‌లోనూ మామూలు పిస్టల్‌లోనూ తూటా పేలే గది, గొట్టం ఒకే ముక్కలో ఉంటాయి. రివాల్వర్‌లో ఆ రెండూ విడివిడి ముక్కలు. సిలిండర్‌లో సాధారణంగా ఆరు చాంబర్లు, అంటే గదులు, ఉంటాయి; ట్రిగ్గర్ నొక్కినప్పుడో, హ్యామర్‌ను వెనక్కి లాగినప్పుడో వాటిలో ఒకటి తిరిగి వచ్చి బారెల్ (గొట్టం) వెనక నిలుస్తుంది. పేలిన బుల్లెట్ ముందుగా కేసు మూతి విడిచి, చాంబర్ ముందుభాగంలోని ఇరుకు దారిలోకి వెళ్తుంది. దీన్ని త్రోట్ అంటారు, అంటే గొంతు. అక్కడినుంచి సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య ఉన్న సందును దాటుతుంది. మంచి రివాల్వర్‌లో ఆ సందు అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉంటుంది. ఆ తర్వాత ఫోర్సింగ్ కోన్ అనే గరాటు ఆకారపు ద్వారంలో పడి, చివరికి బారెల్ గాడుల్లోకి ఎక్కి తిరగడం మొదలుపెడుతుంది. ఒక చాంబర్ బారెల్‌కు తిన్నగా నిలవకపోతే బుల్లెట్ ఆ గరాటు ఒక పక్కకు రాసుకుంటూ, ఒక పక్క చెక్కుకుపోయి లోపలికి వెళ్తుంది. ఆరు చాంబర్లలో ప్రతి ఒక్కటీ తనదైన చిన్న వంకరతో, తనదైన త్రోట్ కొలతతో ఉంటుంది కాబట్టి, చేతిలో ఉన్నది ఒక తుపాకీ అయినా బారెల్‌ను పంచుకునే ఆరు తుపాకులున్నట్టే అనుకోవాలి.

ఈ పనిలో అన్నిటికన్నా విలువైన కొలత త్రోట్‌ది అని నా గట్టి అభిప్రాయం. సీసపు బుల్లెట్ త్రోట్‌లోకి వేలితో కొద్దిగా ఒత్తితే జారేంత బిగువుగా ఉండాలి. త్రోట్ బారెల్ గాడి కొలతకు, అంటే గాడుల అడుగుల దగ్గర గొట్టం వ్యాసానికి, సమానంగానో, వెంట్రుకవాసి పెద్దగానో ఉండాలి. త్రోట్ బారెల్ కంటే ఇరుకైతే, మనం ఎంత లావు బుల్లెట్ పెట్టినా త్రోట్ దాన్ని నొక్కి సన్నం చేసి పంపుతుంది. సన్నబడిన బుల్లెట్ పక్కలనుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కోస్తుంది, ఆ సీసం బారెల్ మొదట్లో అట్ట కడుతుంది, ఇరవై ముప్పై రౌండ్లకే గురి చెడుతుంది. త్రోట్ మరీ వెడల్పైతే బుల్లెట్ బారెల్‌ను చేరేలోపే ఒక పక్కకు ఒరుగుతుంది. ఈ లెక్క ఎంత గందరగోళంగా మారగలదో .45 కోల్ట్ చూపిస్తుంది. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న ఈ తూటాకు తొలి రోజుల్లో బారెల్ గాడి కొలత 0.454 అంగుళాల చుట్టూ ఉండేది. తర్వాతి కాలంలో బారెళ్లు 0.451, 0.452కు దిగాయి. సిలిండర్ పనిముట్లు మాత్రం ఎప్పుడూ బారెళ్లతో కలిసి మారలేదు. ఫలితంగా ఒకే పేరు చెక్కిన రెండు .45 కోల్ట్ రివాల్వర్లలో ఒకదాని త్రోట్ బారెల్ కంటే వెడల్పుగా, ఇంకొకదాని త్రోట్ బారెల్ కంటే ఇరుకుగా ఉండడం వింత కాదు. ఈ రెండింటికీ ఒకే లోడ్ సూచించడం ఎలా కుదురుతుంది? ఇరుకు త్రోట్లను తుపాకీ మెకానిక్కు రీమర్‌తో సమానంగా వెడల్పు చేయగలడు. వెడల్పు త్రోట్లను ఇరుకు చేసే మార్గం మాత్రం లేదు, వాటికి లావు బుల్లెట్ వెతుక్కోవాలి, లేదా సిలిండర్ మార్చాలి.

కొలవడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. ఖాళీ చేసిన రివాల్వర్‌లో, మెత్తటి సీసపు ముక్కను నూనె రాసి బారెల్‌లోంచి కర్రతో తోసి తీసి మైక్రోమీటర్‌తో కొలిస్తే గాడి కొలత తెలుస్తుంది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ బారెళ్లలో గాడులు ఐదు కావడంవల్ల ఒక గాడికి ఎదురుగా గట్టు వస్తుంది, మామూలు మైక్రోమీటర్ అక్కడ తక్కువ చూపిస్తుంది. దానికి వీ ఆకారపు మైక్రోమీటర్ కావాలి. త్రోట్లకు పిన్ గేజ్‌లు, అంటే కచ్చితమైన మందమున్న ఉక్కు కడ్డీలు, మంచివి. అవి లేకపోతే ఒకే అచ్చులో పోసిన బుల్లెట్‌ను ఆరు త్రోట్లలోనూ వరసగా పెట్టి చూసినా చాలు: ఐదింటిలో ఒకే బిగువుతో జారి, ఆరోదాంట్లో టపీమని కింద పడితే, మీ గురి సమస్యలో సగం దొరికినట్టే.

కొలతలు చేతికి వచ్చాకే బుల్లెట్ ఎంపికకు అర్థం ఉంటుంది. .38 స్పెషల్‌కు సీసపు బుల్లెట్ సాధారణంగా 0.358 అంగుళాలకు సైజు చేస్తారు, త్రోట్లు 0.359 ఉంటే ఆ వెయ్యో వంతు కోసం సైజింగ్ డై (బుల్లెట్‌ను కొలతకు నొక్కే అచ్చు) మార్చడం ఏ పౌడర్ మార్పుకన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. గట్టిదనం విషయంలో మాత్రం విస్తృతమైన అపోహ ఉంది: సీసం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని. శుద్ధ సీసం బ్రినెల్ కొలతలో 5 చుట్టూ, తగరం యాంటిమనీ కలిపిన లైమన్ నంబర్ 2 మిశ్రమం 15 చుట్టూ, ముద్రణాలయాల్లో వాడిన లైనోటైప్ లోహం 22 చుట్టూ ఉంటాయి. తక్కువ పీడనంతో కాల్చే .38 స్పెషల్‌లో లైనోటైప్‌లాంటి గట్టి బుల్లెట్ పెడితే, వెనకనుంచి వచ్చే ఒత్తిడికి దాని అడుగు ఉబ్బి బారెల్‌ను మూసేయదు. కొలత ఏమాత్రం తక్కువున్నా వాయువు పక్కనుంచి కారుతుంది. మెత్తటి బుల్లెట్ అయితే ఒత్తిడికి లొంగి గాడులను నింపుతుంది. కొనుక్కున్న గట్టి పోత బుల్లెట్లతో బారెల్‌లో సీసం పేరుకుందని, ఇంకా గట్టివి తెప్పించుకుని బాధపడేవారు ఎందరో ఉన్నారు. వారికి కావలసింది మెత్తటి సీసం, సరైన కొలత.

ఇక్కడే .38 స్పెషల్‌కు పేరు తెచ్చిన 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ ప్రస్తావన వస్తుంది. ముక్కు లేకుండా రోకలిబండలా మొద్దుగా ఉండి కాగితంలో గుండ్రటి రంధ్రాన్ని పంచ్‌తో కొట్టినట్టు కోసే ఈ బుల్లెట్, స్మిత్ అండ్ వెసన్ కే-38తో, అంటే 1957 తర్వాత మోడల్ 14గా పిలిచిన రివాల్వర్‌తో కలిసి, అమెరికా బుల్‌సై పోటీల్లో ఒక తరాన్ని ఏలింది. ఆ పోటీల్లో నిదానంగా కాల్చే దశ 50 గజాల దూరంలో జరుగుతుంది. అక్కడ పది మార్కుల వలయం వ్యాసం 3.36 అంగుళాలు, దాని లోపలి ఎక్స్ వలయం సుమారు 1.7 అంగుళాలు. మెత్తటి సీసంతో అడుగు బోలుగా చేసిన వాడ్‌కట్టర్ అంచు, కొద్దిపాటి పీడనానికే లంగాలా విచ్చుకుని గాడులను మూసేస్తుంది. త్రోట్లలో చిన్న తేడాలున్నా అది సర్దుకుంటుంది. ఎన్నో రివాల్వర్లలో అది బాగా పడడానికి కారణం ఆ క్షమాగుణమే. అయితే అదే బోలు బుల్లెట్‌ను వేగంగా తోలాలనుకోవడం ప్రమాదకరం: అధిక పీడనానికి అంచు తెగి బారెల్‌లో ఉండిపోవచ్చు, వెనక వచ్చే తూటాకు అది అడ్డంకి. ఇంకో విశేషం కూడా చెప్పాలి. స్మిత్ బారెల్‌లో గాడి ఒక చుట్టు తిరగడానికి 18.75 అంగుళాలు, కోల్ట్ పైథాన్‌లో 14 అంగుళాలు పడుతుంది. మొద్దు బుల్లెట్‌ను దూరం దాకా నిలకడగా ఉంచడానికి వేగంగా తిరిగే కోల్ట్ గొట్టమే మేలని నమ్మిన పోలీసు పోటీదారులు కొందరు స్మిత్ ఫ్రేముకు పైథాన్ బారెల్ బిగించుకున్నారు. ఆ సంకర రివాల్వర్లకు స్మైథాన్ అనే పేరు కూడా పడింది.

సరైన కొలతతో తెచ్చిన బుల్లెట్‌ను కేసులో కూర్చోబెట్టేటప్పుడే పాడుచేసుకోవడం అంతగా ఎవరి దృష్టికీ రాని తప్పు. రాగి తొడుగు బుల్లెట్లకోసం చేసిన సన్నటి ఎక్స్‌పాండర్ కేసు మూతిని కావలసినంత తెరవదు; బిగుతు ఇత్తడిలోకి దిగిన మెత్తటి 0.358 బుల్లెట్ 0.356 అయి కూర్చుంటుంది. వాడ్‌కట్టర్ విషయంలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అది కేసులో మూతి దాకా మునిగి కూర్చుంటుంది, దాని అడుగు కేసు గోడలు మందమయ్యే చోటికి చేరి అక్కడ నొక్కుకుంటుంది. దీన్ని తెలుసుకునే మార్గం చాలా తేలిక: ప్రైమర్, పౌడర్ లేని కేసులో బుల్లెట్ కూర్చోబెట్టి, సుత్తిలాంటి పుల్లర్‌తో బయటికి లాగి మళ్లీ కొలవాలి. కొలత తగ్గి ఉంటే తప్పు బుల్లెట్ అమ్మినవాడిది కాదు, మన డైది. మూతి మడత, అంటే క్రింప్, కూడా కేసులన్నీ ఒకే పొడవున్నప్పుడే సమానంగా పడుతుంది. తేలికపాటి వాడ్‌కట్టర్‌కు కొద్దిపాటి మడత చాలు; .44 మ్యాగ్నమ్‌లాంటి బలమైన తూటాల్లో గట్టి మడత లేకపోతే వెనుదన్నుకు మిగిలిన తూటాల్లోని బుల్లెట్లు ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా ఆపేస్తాయి.

ఇప్పుడు పౌడర్. .38 స్పెషల్ 1898 ప్రాంతంలో నల్ల తుపాకీ మందుకోసం పుట్టిన తూటా. 158 గ్రెయిన్ల బుల్లెట్ వెనక 21 గ్రెయిన్ల నల్ల తుపాకీ మందు పట్టేంత పొడవు దాని కేసుకు ఉంది. నేటి వేగంగా మండే పొగరాని పౌడర్ వాడ్‌కట్టర్ వెనక మూడు గ్రెయిన్లకు అటూ ఇటూగానే ఉంటుంది. ఇది లోడ్ సూచన కాదు. లోడ్ ఎప్పుడూ పౌడర్ తయారీదారు ముద్రించిన పట్టికలోంచి, అందులోని మొదటి అంకె దగ్గరినుంచే తీసుకోవాలి. ఖాళీ ఎక్కువగా ఉన్నప్పుడు పౌడర్ కేసులో ఎటు పక్క పోగుపడి ఉందన్నదాన్నిబట్టి వేగం మారుతుంది: గొట్టాన్ని పైకెత్తి, పౌడర్ ప్రైమర్ వైపు చేరాక కాల్చిన తూటా, కిందికి వంచి కాల్చినదానికన్నా సాధారణంగా వేగంగా పోతుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు రెండు విధాలుగానూ పది పది కాల్చి చూస్తే మీ పౌడర్ ఈ విషయంలో ఎంత చపలమో బయటపడుతుంది. పెద్ద ప్రమాదం కూడా ఆ ఖాళీలోనే ఉంది. రెండుసార్లు పొరపాటున పోసినా పౌడర్ కేసులోంచి పొంగదు, పైకి కనిపించదు; ఆ తూటా సిలిండర్‌ను చీల్చగలదు. అసలే పోయకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బారెల్‌లోకి నెట్టి అక్కడే వదిలేస్తుంది. అందుకే బుల్లెట్లు కూర్చోబెట్టే ముందు దీపం కింద ప్రతి కేసులోకీ కళ్లతో చూడడం, శబ్దం తేడాగా ఉన్న తూటా తర్వాత వెంటనే ఆగి బారెల్ చూసుకోవడం, ఈ రెండింటి విషయంలో ఏ సడలింపూ ఉండకూడదు.

క్రోనోగ్రాఫ్ మాట వచ్చింది గనుక, వేగంలో తేడా తక్కువగా ఉండడమే గురి అన్న నమ్మకాన్ని కూడా పరిశీలించాలి. సెకనుకు 750 అడుగుల వేగంతో వెళ్లే వాడ్‌కట్టర్ 25 గజాల్లో సుమారు రెండు అంగుళాలు కిందికి దిగుతుంది. ఒక తూటా సెకనుకు 30 అడుగులు నిదానమైనా ఆ దిగుడులో వచ్చే తేడా అంగుళంలో ఆరో వంతుకు మించదు. పైగా నిదానంగా వెళ్లే బుల్లెట్ బారెల్‌లో ఎక్కువసేపు ఉండడంవల్ల, వెనుదన్నుకు పైకి లేస్తున్న గొట్టం దాన్ని కాస్త ఎత్తుకు పంపుతుంది, ఆ కొద్దిపాటి దిగుడు కొంతవరకు చెల్లిపోతుంది. 25 గజాల్లో రంధ్రాలు నాలుగైదు అంగుళాలు చెదురుతుంటే కారణం వేగంలో కాదు, బుల్లెట్ బారెల్‌లోకి ఎక్కిన తీరులో వెతకాలి.

ఇంతవరకు చెప్పినదంతా సరిగ్గా చేసినవారు కూడా పరీక్ష దగ్గర మోసపోతారు, అదీ అంకెల చేతిలో. పది రకాల లోడ్లు తయారుచేసి, ఒక్కోదాన్ని ఐదేసి రౌండ్ల చొప్పున కాల్చి, చిన్న గ్రూపు ఇచ్చినదాన్ని గెలిచిందని ప్రకటించడం అందరికీ అలవాటైన పద్ధతి. ఆ పది లోడ్లూ నిజానికి ఒకే స్థాయివని, ఒక్కోదాని సగటు గ్రూపు మూడు అంగుళాలని అనుకుందాం. ఐదు రౌండ్ల గ్రూపులో, అంటే అతి దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరంలో, కేవలం యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట సగటులో నాలుగో వంతుకు పైగా ఉంటుంది. ఇక్కడ అది సుమారు 0.8 అంగుళం. ఏ తేడా లేని ఆ పది లోడ్లలోనే ఒకటి రెండు అంగుళాల దగ్గర, ఇంకొకటి నాలుగు అంగుళాలు దాటి పడతాయి. మొదటిదాన్ని పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకుంటాం, రెండోదాన్ని పారేస్తాం. వచ్చే ఆదివారం గెలిచిన లోడ్‌ను మళ్లీ కాల్చితే మూడు అంగుళాలు వస్తుంది, అప్పుడు మన చేతిని నిందించుకుంటాం. మూడు అంగుళాల లోడ్‌కూ రెండున్నర అంగుళాల లోడ్‌కూ ఉన్న తేడాను నమ్మకంగా చెప్పడానికి ఒక్కోదానితో ఐదు రౌండ్ల గ్రూపులు పద్దెనిమిది, ఇరవై దాకా, అంటే వంద రౌండ్ల వరకు కాల్చాల్సి వస్తుంది. అంతకన్నా పెద్ద తేడాలే తక్కువ రౌండ్లలో బయటపడతాయి, త్రోట్ కొలత, బుల్లెట్ సైజు తెచ్చే తేడాలు సరిగ్గా ఆ జాతివే. పరీక్షను అక్కడ మొదలుపెట్టమనడానికి ఇది రెండో కారణం.

ఆరు చాంబర్ల రివాల్వర్‌లో ఐదు రౌండ్ల గ్రూపుకు ఇంకో లోపం ఉంది. ప్రతి గ్రూపులో ఒక చాంబర్ బయట ఉండిపోతుంది, అది ఏదో మనకు తెలియదు. వంకర చాంబర్ ఆ రోజు ఖాళీగా ఉంటే గ్రూపు చిన్నది, పేలితే పెద్దది. తూటాలో మాత్రం ఏ మార్పూ లేదు. కాబట్టి సిలిండర్ మీద చెరిగిపోయే సిరాతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి, ఆరు కాగితాలు పెట్టి, ఒకటో చాంబర్ రౌండ్లన్నీ ఒకటో కాగితం మీద, రెండోదానివి రెండో కాగితం మీద, ఒక్కోదానికి పదేసి కాల్చాలి. ఒక కాగితం మీది రంధ్రాల గుంపు మిగిలిన ఐదింటికి దూరంగా పక్కకు పడితే అది సిలిండర్ సమస్య, ఏ పౌడరూ దాన్ని నయం చేయదు. మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్లడం, లేదా పోటీలో ఐదు రౌండ్ల వరసల్లో ఆ చాంబర్‌ను ఖాళీగా వదలడం దారి. ఆరు కాగితాల మీదా గుంపులు ఒకే చోట ఉండి, ఒక్కొక్కటీ విశాలంగా చెదిరి ఉంటేనే తూటాను మార్చాలి. ఈ పరీక్షకు చేతికి ఆనిక తప్పనిసరి: ఆరు అంగుళాల బారెల్ మీద ముందు వెనక సైట్ల మధ్య దూరం ఏడున్నర అంగుళాలనుకుంటే, వాటి వరసలో అంగుళంలో వందో వంతు తప్పు 50 గజాల దగ్గర 2.4 అంగుళాలవుతుంది, అది ఎక్స్ వలయంకన్నా పెద్దది. ఇసుక సంచులైనా, తుపాకీని బిగించి పట్టే రాన్సమ్ రెస్ట్‌లాంటి యంత్రమైనా లేకుండా లోడ్ల మధ్య తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అలా తేలిన లోడ్‌కు పుస్తకంలో రాసుకోవలసింది పౌడర్ పేరు, గ్రెయిన్లు మాత్రమే కాదు. బుల్లెట్ మైక్రోమీటర్ కొలత, ఏ సీసం, ఏ కేసులు, వాటి పొడవు, మడత ఎంత, ఆరు చాంబర్ల కాగితాలు, పౌడర్ డబ్బా మీది లాట్ నంబరు కూడా ఉండాలి. లాట్ మారిన రోజున పేరు అదే అయినా పౌడర్ మండే తీరు కొద్దిగా మారవచ్చు. అప్పుడు పాత అంకెను నేరుగా పోయకుండా, కాస్త తగ్గించి మళ్లీ మొదలుపెట్టి, ఒకటో చాంబర్ కాగితం దగ్గరికే తిరిగి రావాలి.